ఆస్పత్రిలో లోపలా బయటా

ఇది చదివాక ఆ మనిషికి నయమైందా లేదా అని మాత్రం నన్నడక్కండి. నాకు తెలీదు. అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. మా డాక్టరుగారికి తెలిసే ఉంటుందని చాలాకాలం అనుకున్నాను. ఆయనకీ తెలీదని ఆయన నోటితోనే విన్నాక ఇంక ఎవర్నీ అడగడం మానేశాను.

ఆస్పత్రుల్లో కొత్తగా పనికి చేరిన పిల్లలు నా దగ్గరికొచ్చి, పాతరోజుల సంగతులు చెప్పమంటారు. కరెంటు పెట్టడాలు, గొలుసులు, గోల చేసే రోగులు, అవన్నీ చెబుతానని వాళ్ళ ఆశ. నాకు ముందు గుర్తొచ్చేది పేకాట. చెబితే నవ్వుతారు. నవ్వండి, నేనూ నవ్వాను, కొన్నాళ్ళు పోయాక.

నేను తెనాలిలో ఒక డాక్టరుగారి సొంత ఆస్పత్రిలో ఆయాని. మానసిక వైద్యశాల అని బోర్డు ఉండేది. రిక్షావాడికి మాత్రం పిచ్చాస్పత్రి అంటేనే దారి తెలిసేది. మాది కొలకలూరు. మా నాన్న పొలం పనికి పోయేవాడు, ఆదివారం చర్చికి పోయేవాడు, ఇంటి గడపలోకి పేకముక్కని రానిచ్చేవాడు కాదు. పేకలో ఎన్ని రంగులుంటాయో కూడా నాకు తెలీదు. అక్షరాలు కూడా అప్పటికి రాలేదు. అవి నలభై దాటాక, పెద్దవాళ్ళ బడిలో వచ్చాయి. ఈ కథకి నా చదువుతో పని లేదు గాని, చదువు లేకపోవడంతో కాస్త ఉంది. అందుకని చెప్పాను.

తొంభైల మొదట్లో సంగతి. మా డాక్టరుగారు వయసులో చిన్నవాడు, ఎక్కడో దూరాన పెద్ద చదువు చదివొచ్చాడు. తాగుబోతుకి మందుంది, చెవిలో మాటలు వినపడేవాడికి మందుంది, పేకాట రోగానికి మందేంటని ఆయన్ని ఒకటే తొలిచేది. ఎందుకంటే అలాంటి వాళ్ళని తీసుకొచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒకావిడ మొగుణ్ణి రెక్కపుచ్చుకుని లాక్కొచ్చి, "ఈయనకి పిచ్చి లేదండి, పేకేనండి. అయినా చేర్చుకోండి" అని బతిమాలింది.

ఆయన పుస్తకాలు ముందేసుకుని కూర్చుని, చివరికి నన్ను పిలిచాడు. "మందు లేదమ్మా. వీళ్ళ మెదడుకి సాము చేయించాలి" అన్నాడు. మెదడుకి సామేంటో నాకు అర్థం కాలేదు. సరేనండి అన్నాను. నాకు జీతమిచ్చేది అర్థం చేసుకోవడానికి కాదు కదా.

ఆ సాము రెండు రకాలు. ఒకటి పాఠం, అది ఆయనే చెప్పేవాడు. రోగుల్ని బల్లల మీద కూర్చోబెట్టి రూపాయి బిళ్ళ ఎగరేసేవాడు. వరసగా బొమ్మ, బొమ్మ, బొమ్మ పడేది. "ఇప్పుడేం పడుతుంది?" అని అడిగేవాడు. అందరూ "బొరుసు!" అని అరిచేవాళ్ళు. చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి నేనూ మనసులో బొరుసే అనుకునేదాన్ని. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. "చెప్పలేం. ఇందాక బొమ్మ పడిందని బిళ్ళకి తెలీదు. పేకముక్కకీ తెలీదు. వాటికి జ్ఞాపకం ఉండదు" అనేవాడు.

అప్పుడు రోగుల్లో ఒక గుమాస్తాగారు లేచాడు. కచేరీలో పనిచేసి పనిచేసి మాట నున్నగా ఉండేది ఆయనకి. "ముక్కకి లేకపోతే ఏమైందండి, మనకుందిగా జ్ఞాపకం" అన్నాడు. అందరూ చప్పట్లు. డాక్టరుగారు మళ్ళీ బిళ్ళ ఎగరేశాడు. బొరుసు పడింది. ఇంకా గట్టిగా చప్పట్లు. పాపం, ఆ పూట పాఠం అక్కడితో ఆగిపోయింది.

రెండో రకం నా చేతుల మీదుగా జరిగేది. పోస్టుకార్డంత అట్టల మీద బొమ్మలు వేయించాడు: పువ్వు, కాయ, గొడుగు, పిట్ట, చేప. నేను కలిపేసి ఒక్కొక్కటే తీసి చూపించాలి. ప్రాణం లేనిదైతే రోగి టక్కున లాక్కుని ఎదురుగా ఉన్న రేకు డబ్బాలో పడెయ్యాలి. ప్రాణమున్నదైతే డబ్బా పక్కన బల్ల మీద పడెయ్యాలి. పువ్వుకి ప్రాణముందా లేదా అని గుమాస్తాగారు ఒక పూటంతా వాదించాడు. చివరికి లేదని తేల్చాం. కొన్ని అట్టలకి ఎర్ర అంచు ఉండేది. ఎర్ర అంచు కనపడిందా, ఏ బొమ్మైనా సరే, చెయ్యి కదలకూడదు. ముందు ఆ అట్టల మీద 'ఆగు' అని రాయించారు. నాకు చదవడం రాదని తెలిశాక డాక్టరుగారే కూర్చుని ఎర్రసిరాతో అంచులు గీశాడు.

"చెయ్యి ఉరుకుతుంటే దాన్ని ఆపడం నేర్పాలమ్మా. చెయ్యి ఆగితే మనసు కూడా ఆగుతుంది" అన్నాడు. పైగా నోరు కూడా కలిస్తే మెదడుకి బాగా పడుతుందట. అందుకని డబ్బాలో వేసినప్పుడు 'లోపల' అని, బల్ల మీద వేసినప్పుడు 'బయట' అని రోగి గట్టిగా అనాలి, వెంటనే నేనూ అనాలి.

మొదటిరోజు డాక్టరుగారు ఈ రెండు మాటలూ చెప్పగానే రోగులంతా మంచాల మీద లేచి కూర్చున్నారు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఒకాయన దగ్గొచ్చినట్టు తువ్వాలు నోటికడ్డం పెట్టుకున్నాడు. గుమాస్తాగారు లేచి దణ్ణం పెట్టి, "ఎంత మంచి వైద్యమండి! ఇంతకాలం ఎవరికీ తట్టలేదు" అన్నాడు.

డాక్టరుగారి మొహం వెలిగిపోయింది. నేనూ సంతోషించాను.

ఇంక చూడండి వాళ్ళ శ్రద్ధ. మంచాలు దిగనివాళ్ళు నేను డబ్బా పట్టుకుని రాగానే గుండ్రంగా చేరేవాళ్ళు. ఒకడు అట్టలు వేస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. నేను "లోపల!" అని అరిస్తే సగం మంది "ఆఁ!" అనేవాళ్ళు, సగం మంది నుదురు కొట్టుకునేవాళ్ళు. నుదురెందుకు కొట్టుకుంటున్నారో నాకు అర్థం కాలేదు. అవతలివాడికి నయమవ్వాలని ఇంత ఆత్రమా అనుకున్నాను. ఇంకొకటి, సాయంత్రం రోగికొక అరటిపండు ఇచ్చేవాళ్ళం. ఇచ్చిన కాసేపటికే పళ్ళన్నీ గుమాస్తాగారి దిండు కింద ఉండేవి. ఆయనకి కడుపు నొప్పొచ్చి మాత్ర కూడా ఇవ్వాల్సొచ్చింది. పెద్దాయన కదా, మిగతావాళ్ళు గౌరవంతో ఇస్తున్నారనుకున్నాను. ఆయాగా అన్నేళ్ళు చేసిన దాన్ని, నా బుద్ధి ఏమైందో!

వాళ్ళందరిలో నేను చెప్పాలనుకున్నది ఒకే ఒక్క మనిషి గురించి. రేపల్లె దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ చూసేవాడు. పొడుగు మనిషి, ముంజేతుల మీద కాలిన మచ్చలు. మాట తక్కువ. ఊక పోసి మంట వెయ్యడం, పక్కనున్న గాజు గొట్టంలో నీళ్ళు ఎక్కడున్నాయో చూస్తూ ఉండటం అతని పని. ఆ నీళ్ళు దిగిపోతే బాయిలర్ పేలుతుంది. ఒక మధ్యాహ్నం అతను ఊకగుట్ట వెనక పేకలో కూర్చున్నాడు. నీళ్ళు దిగిపోయాయి. ఎదురుగా గచ్చు మీద ఆడవాళ్ళు వడ్లు ఆరబోస్తున్నారు. వాళ్ళలో ఒకామె బాయిలర్ చప్పుడు మారిందని కనిపెట్టి కేకలు పెట్టింది. ఎవరో పరిగెత్తి పొయ్యిలోంచి మండే ఊకని బయటికి లాగేశారు. ఆ కేకలు పెట్టినామె అతని పెళ్ళామే.

మిల్లు యజమాని అతన్ని మాన్పించాడు. కానీ ఆ బాయిలర్ గుణం తెలిసినవాడు ఇంకొకడు లేడు. "డాక్టరు పర్లేదంటే మళ్ళీ తీసుకుంటా" అన్నాడు. అందుకని ఈ బాయిలర్ మనిషి మా దగ్గరికొచ్చాడు.

అట్టల పనిలో అతనికి సాటి లేరు. మొదట్లో ఎర్ర అంచు వచ్చినా చెయ్యి ఉరికేది. రానురాను గాల్లోకి లేచి అక్కడే ఆగిపోయేది, వేళ్ళు విచ్చుకుని. చూస్తుంటే ముచ్చటేసేది. డాక్టరుగారు అతని గురించి ఎక్కడికో ఉత్తరం కూడా రాద్దామనుకున్నాడు.

అలా ఉండగా అతని పెళ్ళాం చూడటానికొచ్చింది. రేపల్లె బండి దిగి తిన్నగా వార్డుకొచ్చింది. చేతిలో క్యారేజీ. నేను వీపు గుమ్మం వైపు పెట్టి కూర్చుని గొంతెత్తి అరుస్తున్నాను. "లోపల! బయట! బయట! లోపల!" వెనక క్యారేజీ ధనామని కింద పడింది.

"అయ్యో అయ్యో! అక్కా, ఆస్పత్రిలో మీరే ఆడిస్తున్నారా?"

"ఏం ఆడించడం?" అన్నాను.

"లోపలా బయటా!"

"అవునమ్మాయ్, అది వైద్యం."

"వైద్యమా? దీంతోనే కదా మా కొంప మునిగింది!"

అప్పుడు తెలిసింది నాకు. లోపలా బయటా అనేది పేకాట పేరు. పేక మధ్యకి కోసి ఒక ముక్క అందరికీ చూపిస్తారు, తర్వాత లోపలికొకటి బయటికొకటి ముక్కలు వేసుకుంటూ పోతారు. చూపించిన ముక్కకి జత ఎటు పడుతుందో దాని మీద పందెం. సంతల్లో, తిరునాళ్ళలో, మిల్లు వెనకాల, అంతటా అదే. మా వార్డులో తెలీనిది ఇద్దరికే, నాకూ డాక్టరుగారికీ. వచ్చే బొమ్మ లోపలికా బయటికా అని వార్డంతా అరటిపళ్ళు పందెం కాస్తున్నారు. ముక్కలు పంచేది నేను.

గుమాస్తాగారి వైపు తిరిగాను. "ఏవండీ, సిగ్గులేదూ?"

"పేక ముట్టలేదు కదమ్మా" అన్నాడు శాంతంగా.

డాక్టరుగారికి చెబితే మొదట నమ్మలేదు. తర్వాత ఎర్రబడ్డాడు. తర్వాత కూర్చుండిపోయాడు. "అయితే వాళ్ళు బాగుపడుతున్నారా, ఆడుతున్నారా?" అన్నాడు. నన్నడిగాడో గోడనడిగాడో తెలీదు. మర్నాడు మాటలు మార్పించాడు. లోపల, బయట కాదు, కింద, మీద. డబ్బా తీసేసి ఒకటి పొట్టిది, ఒకటి ఎత్తైనది, రెండు పీటలు పెట్టాం. అంతే, వార్డు చప్పబడిపోయింది. ఒకడు ఆవులిస్తాడు, ఒకడు నడుం నొప్పంటాడు. బాయిలర్ మనిషి కూడా తప్పులు మొదలుపెట్టాడు. ఎర్ర అంచుకి చెయ్యి ఆగేది కాదు, ఊరికే జారి పడేది. డాక్టరుగారు జుట్టు పీక్కున్నాడు. పందెం ఉన్నప్పుడు ఆగిన చెయ్యి పందెం లేకపోతే ఆగకపోవడం ఏంటి? నన్నడిగితే నేనేం చెప్పను?

ఇటు చూస్తే కోతలు అయిపోయాయి. మిల్లు వెయ్యాలి, బాయిలర్ మనిషి సంగతి తేల్చమని యజమాని కబురు మీద కబురు. పెళ్ళాం రెండోసారి వచ్చి డాక్టరుగారి ముందు నిలబడింది.

"అయ్యా, మీరు పర్లేదని రాస్తే ఆయన బాయిలర్ దగ్గర కూర్చుంటాడు. నేను ఆ ఎదురు గచ్చు మీద ఉంటాను. ఇంకో పది మంది ఆడాళ్ళుంటారు నాతో. రాయకపోతే పస్తులుంటాం. బాగా ఆలోచించి రాయండి."

అప్పుడు ఆయనకో ఆలోచన వచ్చింది. వారానికొకరోజు ఆయన బాపట్లలో గది తీసుకుని రోగుల్ని చూసేవాడు. ఆ దగ్గర్లో ఒక ఊళ్ళో తిరునాళ్ళు. అసలు ఆట ముందు అతన్ని నిలబెట్టి చూద్దామన్నాడు. తను మాత్రం రానన్నాడు. డాక్టరు జూదం దగ్గర నిలబడితే ఊరేమనుకుంటుంది? "నువ్వు వెళ్ళి చూసి రామ్మా. చెయ్యి చూడు. చెయ్యి ఆగిందా లేదా, అదే నాకు కావాలి" అన్నాడు.

బాపట్లలో డాక్టరుగారిని గదిలో దించి నేనూ, అతనూ, అతని పెళ్ళాం ముగ్గురం బయల్దేరాం. మధ్యాహ్నం ఎండ. జీళ్ళ కొట్లు, గాజుల కొట్లు దాటాక రంగులరాట్నం వెనక ఒక గుడ్డ పందిరి. వినపడింది. "రండి బాబూ, లోపలా బయటా! రండి!"

అతను ఆగిపోయాడు. పెళ్ళాం నా ముంజెయ్యి పట్టుకుంది, గాజులు గుచ్చుకునేలా. పందిరి కింద ఆడించేవాడు పేక కోసి ముక్క చూపించి పంచడం మొదలుపెట్టాడు. మా మనిషి కుడిచెయ్యి మెల్లగా లేచింది. లేచి, వార్డులో లేచినట్టే గాల్లో ఆగింది. వేళ్ళు విచ్చుకుని ఉన్నాయి. అలాగే ఉంది.

"ఏం పెద్దాయనా, కాస్తావా, ఈగల్ని పడతావా?" అన్నాడు ఆడించేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు.

చెయ్యి దిగింది. "పదండి పోదాం" అన్నాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. గెలిచాం అనుకున్నాను. రెండడుగులు వేశామో లేదో, వెనక్కి తిరక్కుండానే అతను అన్నాడు: "బయట పడుతుంది."

వెనక అరుపు వినిపించింది. "బయట!"

అతను నవ్వాడు. చిన్న నవ్వు, తనలో తనే. పెళ్ళాం నా చెయ్యి వదిలేసింది.

"ఆ నవ్వు చూశారా అక్కా? బాయిలర్ దగ్గర్నుంచి లేచిపోయేటప్పుడు కూడా అదే నవ్వు."

నేను అతన్నే అడిగాను. "ఏవయ్యా, లోపల పడి ఉంటే?"

"పడలేదు కదమ్మా."

"ముక్కకి జ్ఞాపకం ఉండదని డాక్టరుగారు అన్ని రోజులు చెప్పారుగా?"

"ముక్కకి లేదమ్మా. నాకు తెలుస్తుంది అంతే."

ముగ్గురం గదికి తిరిగొచ్చాక డాక్టరుగారికి చెయ్యి ఆగిందని చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. "ఆగిందా? నిజంగా ఆగిందా?" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. తర్వాత అతనన్న 'బయట పడుతుంది' మాట కూడా చెప్పాను. మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు.

"చెయ్యి ఆగితే మనసు ఆగుతుందనుకున్నాను. చెయ్యి ఒక్కటే నేర్చుకుంది" అన్నాడు. "ఇది నయమా కాదా? నాకు తెలీటం లేదమ్మా."

అదే, ఆయన నోటితో నేను విన్న మాట. మరి మిల్లు యజమానికి ఏమని రాస్తాడు? ఆయన కలం తీసి, మూత పెట్టి, మళ్ళీ తీశాడు. నా వైపు చూశాడు.

"నా వైపు చూడకండి సార్" అన్నాను. "బాయిలర్ పేలితే నా నెత్తిన పడదు, మీ నెత్తిన పడదు. ఆమె నెత్తిన పడుతుంది. ఆమెనడగండి."

ఆయన ఆమెనడిగాడు. ఆమె మొగుడి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు. పొద్దస్తమానం ఆ గాజు గొట్టం చూస్తూ కూర్చోగలవా? ఊకగుట్ట వెనక ముక్కల చప్పుడు వినపడ్డా కూడా?"

"కూర్చోగలను" అన్నాడు అతను, క్షణం ఆలోచించకుండా. "నాకు తెలుసు."

ఆమె డాక్టరుగారి వైపు తిరిగింది. "చూశారా అండి. ఏమోనే, తెలీదే అని ఉంటే కూర్చోబెట్టేదాన్ని. ఈయనకి అన్నీ తెలుసు. బాయిలర్ వద్దని రాయండి. నాతో పాటు గచ్చు మీద వడ్లు తిరగేసే పని ఇమ్మని రాయండి."

అతని మొహం మాడిపోయింది. "అది ఆడాళ్ళ పని!"

"ఆడాళ్ళ పనే. పేలదు."

డాక్టరుగారు అదే రాశాడు. అన్ని పుస్తకాలు తిరగేసిన మనిషి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసిచ్చాడు. ఆ అట్టలు ఆ తర్వాత ఎవరికీ చూపించలేదు. ఇంకొన్నాళ్ళు చేసి ఉంటే ఏమయ్యేదో, చెయ్యకపోతే ఏమయ్యేదో, ఆయన తనలో తనే వాదించుకునేవాడు. ఒకరోజు పని ఫలించిందనేవాడు, ఒకరోజు వట్టిదనేవాడు. నేను రెండిటికీ అవునండి అనేదాన్ని. రెండూ నిజమే అనిపించేది మరి.

తర్వాత ఒక ఏడు మా చుట్టాల పెళ్ళికి రేపల్లె వెళ్ళినప్పుడు ఆ మిల్లుకి వెళ్ళాను. గచ్చు మీద పచ్చగా వడ్లు పరిచి ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా కాళ్ళతో తిరగదోస్తూ నడుస్తున్నారు. వాళ్ళ మధ్యలో తలకి తువ్వాలు చుట్టుకుని అతను. బాయిలర్ దగ్గర ఎవరో కొత్తవాడున్నాడు.

"ఏమ్మా, మా కొత్త వదిన్ని చూడ్డానికొచ్చారా?" అంది వరసలో ఒకామె అతన్ని చూపించి. అందరూ కిసుక్కున నవ్వారు. అతను పట్టించుకోలేదు. ఆట మానేశాడా అని అతని పెళ్ళాన్ని చాటుగా అడిగాను. "నేను చూసినంతలో ఆడలేదక్కా. చూడనప్పుడు నాకేం తెలుసు?" అంది.

మేం మాట్లాడుతుండగానే సముద్రం వైపు నుంచి మబ్బు లేచింది. గాలి వడ్ల మీదుగా దుమ్ము లేపింది. ఆమె కేకేసింది. "ఎత్తండమ్మా, ఎత్తండి! వానొస్తోంది! బరకాలు పట్టండి!"

ఆడవాళ్ళు పరిగెత్తారు. అతను తలెత్తి ఆకాశం చూశాడు. పెదాల మీదకి ఆ చిన్న నవ్వొచ్చింది. వడ్లన్నీ నేల మీదున్నాయి.

"రాదు" అన్నాడు. "ఈ మబ్బు రాదు. నాకు తెలుసు."

అంటూనే వంగి చెక్కపలక అందుకున్నాడు. "రాదు, రాదు" అని గొణుక్కుంటూ అందరికంటే వేగంగా వడ్లని కుప్పకి తోస్తున్నాడు. నోరు రాదంటోంది, చేతులు ఆగకుండా తోస్తున్నాయి. కుప్ప మీద బరకం పట్టా కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టేదాకా ఆ గొణుగుడు ఆగలేదు.

మబ్బు మా నెత్తి మీదుగా దాటి తెనాలి వైపు పోయింది. ఒక్క చినుకు పడలేదు. మళ్ళీ ఎండ కాసింది.

"చెప్పానా?" అన్నాడు అతను, అందరి మొహాల్లోకీ చూస్తూ.

"చెప్పావులే" అంది ఆమె, బరకం ఒక కొస పట్టుకుని. "ఆ కొస పట్టు."

అతను రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి బరకం లాగేసి, వడ్లు మళ్ళీ పరచడం మొదలుపెట్టారు.